విమానం సీటట!

సాయమట! నేను సాయం చేశానట! అదీ ఎంతో పెద్ద మనసు చేసుకుని, గుమ్మంలో చెప్పులేసుకుంటూ, అద్దంలో జుట్టు ఇంకోసారి సవరించుకుంటూ, "వాళ్ళు అడిగితే నువ్వు కూడా సాయం చేశావని చెప్తాలే" అని నా మొహాన పడేసి, మా ఆయన మెట్లు దిగి బస్టాండుకి వెళ్ళాడు, క్లబ్బువాళ్ళని ఎదురెళ్ళి తీసుకురావడానికి. గంటలో వచ్చేస్తారట. టీ ఫ్లాస్కులో పోసి ఉంచాలట, మంచి కప్పులు తియ్యాలట, ఈ గది ఊడ్చి పెట్టాలట. ఊడుస్తాను, ఎందుకు ఊడవను, నేను పుట్టిందే అందుకు కదా. ఊడ్చి ఊడ్చి ఇదిగో, చివరికి ఈ కుర్చీలోనే కూలబడ్డాను, చీపురు ఇంకా చేతిలోనే ఉంది. ఎదురుగా తెర మీద రన్‌వే, రెండు పక్కలా గడ్డి, దూరంగా కొండలు, స్పీకర్లోంచి ఇంజిన్ గుర్రుమంటోంది. వాళ్ళు రాగానే చూపించాలని ఆన్ చేసి పెట్టి మరీ వెళ్ళాడు. ఇంట్లో కూర్చుని విమానం నడపడం ఈయన పిచ్చి. కంప్యూటర్లో విమానమే అయినా నిజం దానికి ఉన్నట్టు మీటలూ, పెడల్సూ, చేతికో జాయ్‌స్టిక్కూ అన్నీ ఉండాలి. ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్ళందరికీ కలిపి ఒక క్లబ్బు. ఆదివారం వస్తే ఎవరింట్లో వాళ్ళు కూర్చుని అందరూ కలిసి ఎగురుతారు. వచ్చే నెల పెద్ద హాలు తీసుకుని ప్రదర్శన పెడుతున్నారట, ఇళ్ళల్లో సొంతంగా కట్టుకున్న కుర్చీల్లో మంచిది ఒకటి ఎంచి హాలు మధ్యలో పెడతారట, పక్కన బోర్డు మీద కట్టినవాళ్ళ పేరు పెద్ద అక్షరాలతో రాస్తారట. ఎవరి పేరు రాస్తారో నేను వేరే చెప్పాలా?

పైగా ఇది విమానం సీటట! పోయిన ఆదివారం వంటింట్లో నిలబడి నా చెవులారా విన్నాను. హెడ్‌ఫోన్లు తగిలించుకుంటే ఆ మనిషికి తన గొంతు తనకే వినపడదు, అందుకని వీధి చివరిదాకా వినపడేలా అరుస్తాడు. "అవునండీ, మొత్తం నేనే కట్టాను, ఒంటిచేత్తో! సీటా? పాత విమానంలోదండీ, దొరకడం చాలా కష్టం." నా చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. పళ్ళ డాక్టరు కుర్చీ ఇది, మహానుభావా! పళ్ళు పీకే కుర్చీ! దీని పక్కన నిలబడే కదా నా సగం వయసు గడిచిపోయింది. కుడిపక్కన డాక్టరమ్మ, ఎడమపక్కన నేను, మధ్యలో నోరు తెరుచుకుని ఎవరో ఒకరు. ఉమ్మి లాగే గొట్టం పట్టుకుని, దూది అందిస్తూ, "అయిపోయిందండీ, అయిపోయింది, ఇంకొక్క నిమిషం" అని రోజంతా అబద్ధాలు చెప్పడం నా ఉద్యోగం. ఇదిగో, ఈ చెయ్యి ఆనించుకునే చోటే, జనం భయంతో గోళ్ళు దిగ్గొట్టేవాళ్ళు. పాత రెక్సిన్ మీద ఆ గాట్లన్నీ ఉండేవి, నేను ఊడదీసి పారేసి కొత్తది కుట్టేదాకా. రోజూ తుడిచిన కుర్చీయే, కానీ ఒక్కరోజు కూడా అందులో కూర్చోలేదు. పన్ను నొప్పి ఉంటే తప్ప ఆ కుర్చీలో కూర్చోవాలని ఎవరికనిపిస్తుంది?

క్లినిక్కుకి కొత్త కుర్చీ వచ్చినప్పుడు దీన్ని వెనక వరండాలో ప్లాస్టిక్ పట్టా కప్పి పడేశారు. పాత సామాన్లవాడు వచ్చి చూసి, బరువు చూసి, మళ్ళీ వస్తానని పోయాడు. అప్పుడు అడిగింది ఎవరు? నేను. "నేను తీసుకెళ్తానండీ" అంటే డాక్టరమ్మ, "ఇంట్లో ఏం చేస్తావే దీంతో?" అంది. "మా ఆయన విమానం నడుపుతాడండీ" అన్నాను. ఆవిడ చేతిలో ఉన్న డ్రిల్లు ట్రేలో పెట్టి మరీ నవ్వింది, నోరు తెరుచుకుని పడుకున్న పేషెంటు కూడా అలాగే నోరు తెరుచుకుని నవ్వాడు. నవ్వితే నవ్వారు. నా కళ్ళ ముందు అప్పుడు మా ఆయన ప్లాస్టిక్ కుర్చీ కనపడుతోంది, దాని ముందు స్టూలు, స్టూలు మీద టేపు చుట్టి అంటించిన జాయ్‌స్టిక్. ల్యాండింగ్ టైములో గట్టిగా లాగితే స్టూలు జారి, స్టూలుతో పాటు జాయ్‌స్టిక్కు, దాంతో పాటు ఈయన, అందరూ కలిసి నేల మీదకి ల్యాండ్ అయ్యేవాళ్ళు. పొద్దుట్నుంచి సాయంత్రందాకా బస్సు టికెట్ల కౌంటర్లో కూర్చుని, కిటికీ పక్కన కావాలా, ముందు కావాలా, వెనక కావాలా అని ఊరందరికీ సీట్లిచ్చే మనిషికి ఇంట్లో ఒక సరైన సీటు లేదే అని జాలిపడ్డాను. చూశారా, జాలిపడ్డానా! నాకెందుకమ్మా జాలి? నడుము పట్టేసిందని మూలుగుతుంటే ఆ నడుముకి తైలం రాసి ఊరుకోవచ్చుగా. ఊరుకోలేదు. పైన కూర్చునే భాగం, కింద ఇనప దిమ్మ విడదీయించి, రెండు ముక్కలుగా మెట్లెక్కించి, వెనక బాల్కనీలో పెట్టించి, ఆదివారాలూ సెలవులూ అక్కడే కూర్చున్నాను. లైటు వేలాడే పొడుగాటి చెయ్యి ఉంటుంది కదా, నోట్లోకి వెలుతురు పడేది, దానికి లైటు తీసేసి తెర బిగించాను. పనిముట్ల ట్రే ఉండే చేతికి విమానం వేగం పెంచే మీటల పెట్టె బిగించాను. ఫోమ్ కోశాను, ప్లైవుడ్ కోశాను, ఈ బొటనవేలు కూడా కోసుకున్నాను. ఇంత చేసినా ఇప్పటికీ ఎండ పడితే రెక్సిన్ కుట్లలోంచి లవంగనూనె వాసన వస్తుంది, క్లినిక్కు వాసన. మా ఆయన ఆ వాసన పీల్చి, "విమానం వాసన అలాగే ఉంటుంది" అన్నాడు ఎవరితోనో. జన్మలో విమానం ఎక్కని మనిషి!

వైర్లు ఆయనే కలిపాడు. కాదనను. అన్యాయం మాట్లాడటం నాకు రాదు. వైర్లు కలిపాడు, బటన్లు పనిచేసేలా చేశాడు, అందుకు రాత్రింబగళ్ళు వీడియోలు చూశాడు. మరి ఆ సంగతి చెప్పుకోవచ్చుగా! వైర్లు నేను కలిపానండీ, కుర్చీ మా ఆవిడ కట్టిందండీ అంటే ఈయన నోట్లో ముత్యాలు రాలిపోతాయా?

ఇంకా ఆ వెల్డింగ్ షాపువాడి సంగతి. అది తలుచుకుంటే అరికాలి మంట నెత్తికెక్కుతుంది. కాళ్ళ దగ్గర పెడల్స్ పెట్టడానికి ఇనప చట్రం కావాలి, అట్టముక్క మీద గీసుకుని, కొలతలు వేసుకుని, మూలమీద షాపుకి వెళ్ళాను. వాడు అట్టముక్క చూడలేదు, నా వెనక్కి చూశాడు. "సారు రాలేదామ్మా?" సారు రాలేదు నాయనా, నేనొచ్చాను. "సార్‌ని పంపించండమ్మా, ఆయనతో మాట్లాడి చేస్తాను." రెండోసారి వెళ్ళినా అదే పాట. ఇక లాభం లేదని ఈయన్ని బతిమాలి వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆ రోజు జరిగింది చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే బాగుండేది. నేను, "పెడల్ ఇక్కడిదాకా రావాలి, ఇంకాస్త వాలుగా" అంటాను. వాడు మా ఆయన మొహం చూస్తాడు. మా ఆయన గొంతు సవరించుకుని, "పెడల్ ఇక్కడిదాకా రావాలి, ఇంకాస్త వాలుగా" అంటాడు. "అలాగే సార్!" అని వాడు సుద్దముక్కతో గీత గీస్తాడు. గంటసేపు ఇదే తంతు. నేను మాట్లాడుతుంటే వాడికి చెముడు, ఈయన మాట్లాడితే చెవులొస్తాయి. తిరిగొచ్చేటప్పుడు, "చూశావా, పనివాళ్ళతో ఎలా మాట్లాడాలో" అన్నాడు మా ఆయన. నడిరోడ్డు మీద నవ్వాలో ఏడవాలో తెలియక కూరగాయలు కొనుక్కుని ఇంటికొచ్చాను.

పాలు! పొయ్యి మీద పాలు పెట్టానా? పెట్టలేదు, ఇంకా గిన్నెలోనే ఉన్నాయి, పెడతాలే. వాళ్ళకి టీ కావాలంటే ఆ ఒంటిచేత్తో కట్టినాయన పెట్టుకుంటాడు.

అసలు మంట వేరే ఉంది. ఆ మీటల సంగతి. అన్నీ బిగించాక మొదటిసారి ఆయన కూర్చుని, రన్‌వే మీద విమానం నిలబెట్టి, మీట ముందుకి తోశాడు. వేగం పెరగాలి. ఇంజిన్ మూలిగి ఆగిపోయింది. మళ్ళీ తోశాడు, మళ్ళీ ఆగింది. వెనక్కి లాగితే ఒక్కసారి దూకి గడ్డిలోకి పోయి తలకిందులైంది. పెట్టె తిరగేసి బిగించాను నేను. కూర్చున్నవాడికి ముందు అయ్యేది వెనకైంది. ఎందుకైంది? ఆలోచిస్తే నాకే ఒళ్ళు జలదరించింది. ఇన్నేళ్ళూ ఈ కుర్చీ పక్కన, ఈ కుర్చీకి ఎదురుగా నిలబడ్డానే గానీ, కూర్చున్నవాళ్ళ వైపు నుంచి దీన్ని ఎప్పుడూ చూడలేదు. నా చేతికి ఏది ముందో అదే ముందనుకుని బిగించేశాను. డాక్టరమ్మ దగ్గర పనిచేసే మనిషి తప్ప ఇంకెవరూ చెయ్యరు అలాంటి తప్పు. ఆయన నవ్వుతూ భోజనానికి లేచిపోయాడు. నేను తలుపు వేసుకుని, మొట్టమొదటిసారి ఈ కుర్చీలో కూర్చున్నాను. వెనక్కి వాలాను. నెత్తి మీద ఆ పొడుగాటి చెయ్యి, దాని వెనక ఖాళీ పైకప్పు. ఇదా వాళ్ళకి కనపడేది? ఇన్ని వేలమందికి ఇదా కనపడింది, నేను అయిపోయిందండీ, అయిపోయింది అంటుంటే? లేచి మొత్తం విప్పేశాను. ఒక్క పెట్టె కాదు, అంతా. ఈసారి కూర్చుని కట్టాను. కూర్చోవడం, చెయ్యి చాచడం, ఎక్కడ అందితే అక్కడ పెన్సిల్ గీత, దిగడం, బోల్టు, మళ్ళీ కూర్చోవడం. అందుకే ఇప్పుడు ఇందులో కూర్చుంటే చెయ్యి దానంతటదే మీట మీదికి పోతుంది, కాలు దానంతటదే పెడల్ మీద పడుతుంది. అదీ ఈ కుర్చీ గొప్పతనం. మరి ఈయన క్లబ్బులో ఏం చెప్పాడో తెలుసా? వంటింట్లోకి అదీ వినపడింది. "మా ఆవిడ ఒకరోజు సాయం చేస్తానని వచ్చి మీటలు తిరగేసి బిగించిందండీ! విమానం గడ్డిలోకి!" హెడ్‌ఫోన్లలోంచి వాళ్ళ నవ్వులు బయటికి వినపడ్డాయి. ఈయన కూడా పగలబడి నవ్వాడు. అంటే, కుర్చీ అంతా ఈయనది. తప్పొక్కటే నాది. తప్పు చెప్పేటప్పుడు మాత్రం నా చేతులు గుర్తొచ్చాయి!

మా ఆడపడుచు వచ్చి చూసిన రోజు కూడా అంతే. చుట్టూ తిరిగి, కుట్లు తడిమి, బుగ్గలు నొక్కుకుని, "మా తమ్ముడి చేతులు బంగారమే! చిన్నప్పట్నుంచీ అంతే" అంది. నేను పక్కనే ఉన్నాను, సూది గుచ్చుకుని వాచిన వేళ్ళతో ఆవిడకి కాఫీ కప్పు అందిస్తూ. ఈయన కాదనలేదు. నావైపు చూడను కూడా చూడలేదు, పైగా కాఫీలో పంచదార తక్కువైందన్నాడు. ఆ రాత్రి అడిగాను. "ఏమండీ, వదినగారికి నిజం చెప్పొచ్చుగా" అంటే, "నీకు తెలుసు, నాకు తెలుసు, ఇంకెవరికి తెలియాలి? మనలో మనకి లెక్కలేంటి?" అన్నాడు. ఎంత చక్కటి మాట! మనలో మనకి లెక్కలు లేవు గానీ, జనంలో మాత్రం మొత్తం ఈయన ఖాతాలోకే.

స్పానరు ఇక్కడే ఉంది, సీటు కింద. ఒక్క బోల్టు. మీటల పెట్టె పట్టుకుని ఉన్నది ఒక్కటే బోల్టు. వదులు చేసి, పెట్టె అటుది ఇటు తిప్పి, మళ్ళీ బిగిస్తే చాలు. వాళ్ళందరూ చుట్టూ నిలబడి ఉంటారు, ఈయన కాలర్ సవరించుకుని కూర్చుంటాడు, దర్జాగా మీట ముందుకి తోస్తాడు, ఇంజిన్ ఆగిపోతుంది. ఒంటిచేత్తో కట్టిన కుర్చీ! అప్పుడు తెల్లమొహం వేసుకుని నావైపు చూస్తాడు. చూడనీ. ఇదిగో, తీశాను స్పానరు. ఇదిగో, తిప్పాను. బోల్టు వదులైంది. పెట్టె చేతిలో ఊగుతోంది. తిప్పెయ్, ఇంకేం చూస్తావ్, తిప్పెయ్! ఛీ. నా వల్ల కాదు. ఆయన పరువు గురించి కాదు, అది పోతే పోనీ. నేను సరిగ్గా చేసినదాన్ని నా చేత్తో పాడు చేసుకోవాలా? ఆయనేదో అబద్ధం చెప్పాడని నా పని ఎందుకు చెడిపోవాలి? బిగించేశాను, ముందుకంటే గట్టిగా. కోపం దిగలేదు, ఇంకా పెరిగింది.

మీట ముందుకి తోశాను. ఎందుకు తోశానో తెలియదు. ఇంజిన్ గొంతు పెరిగింది, గడ్డి వెనక్కి పోతోంది, తెల్లగీతలు కలిసిపోతున్నాయి, జాయ్‌స్టిక్ కొంచెం, కొంచెమే, వెనక్కి లాగితే నేల కిందికి జారిపోయింది. అయ్యబాబోయ్, లేచింది! ఆదివారాలు గుమ్మంలో నిలబడి చూస్తూ చూస్తూ నేర్చుకున్నానా నేను? చీపురు ఎప్పుడు కింద పడిందో తెలియదు. కొండలు దగ్గరికొస్తున్నాయి. ఎంత పచ్చగా ఉన్నాయి! నడుము ఎక్కడా నొప్పి లేదు, మెడ కింద ఫోమ్ సరిగ్గా ఆనుతోంది, ఈ ఎత్తు సరిపోవాలని ఎన్నిసార్లు కోశానో. నాకు నా పేరు బోర్డు మీద కావాలా? సిగ్గు లేకుండా చెప్తున్నాను, కావాలి. ఎందుకు వద్దు? మంచి ఆడవాళ్ళు అలాంటివి అడగరట. పేరు కోసం పాకులాడరట. పేరు కోసం ఎగబడి పాకులాడుతున్న మనిషి ఇప్పుడు బస్టాండులో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు, ఆయన్ని ఎవరూ ఏమీ అనరు. అతిథుల ముందు మొగుణ్ణి పలచన చెయ్యకూడదట. మరి పెళ్ళాన్ని గడ్డిలోకి తోసి నవ్వొచ్చా? నేను చెప్పాలి. ఈరోజే చెప్పాలి. రేపు హాల్లో బోర్డు వేలాడదీశాక చెబితే ఏడుపుగొట్టు పెళ్ళాం అంటారు. ఇన్నేళ్ళ కాపురంలో ఈయన మాట నలుగురిలో ఎప్పుడూ తీసెయ్యలేదు. చెబితే ఏమవుతుంది? మొహం మాడ్చుకుంటాడు, వారం మాట్లాడడు, పళ్ళెం విసిరేస్తాడేమో, వాళ్ళక్కకి ఫోన్ చేస్తాడేమో. చెయ్యనీ.

బెల్లు. వచ్చేశారు. విమానాన్ని గాల్లోనే వదిలేసి లేచి తలుపు తీశాను. ముందు ఈయన, నవ్వు చెవుల దాకా. వెనక క్లబ్బు పెద్దాయన, తెల్లజుట్టు, మెళ్ళో కళ్ళజోడు, ఆయన వెనక ఇంకో ఇద్దరు. చెప్పులు విప్పకుండానే అందరి చూపూ గదిలోకే. పెద్దాయన తిన్నగా కుర్చీ దగ్గరికెళ్ళి, వంగి, కళ్ళజోడు పెట్టుకుని, కుట్టు వెంబడి వేలు రాస్తూ, "అబ్బ! ఏం కుట్టండీ ఇది!" అన్నాడు. మా ఆయన తల వంచుకుని, "ఏదో అండీ, నాకు తెలిసినంతలో" అన్నాడు. వినయం చూపించాడు! నా కుట్టుకి ఈయన వినయం! ఇంతలో పెద్దాయన తెర చూసి, "ఇదేంటి, విమానం గాల్లో ఉంది, నడిపేదెవరు?" అన్నాడు. మా ఆయన రెప్పయినా వెయ్యకుండా, "ఆటోపైలట్లో పెట్టి వచ్చానండీ" అన్నాడు. పైకి లేపింది కూడా ఈయనే అయిపోయాడు! పెద్దాయన నిటారుగా నిలబడి, "ఇంతకీ ఏ విమానంలోదండీ ఈ సీటు?" అని అడిగాడు, మా ఆయన ఊపిరి పీల్చుకుని నోరు తెరిచాడు.

"విమానం కాదండీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "పళ్ళ డాక్టరు కుర్చీ. నేను పనిచేసే చోటుది. నేను తెచ్చాను, నేను కోశాను, నేను కుట్టాను. వైర్లు ఆయన కలిపారు. మిగతాదంతా నేనే చేశాను. ఇప్పుడు విమానం లేపింది కూడా నేనే."

ఇక పడుతుంది పిడుగు అనుకుని పమిట చెంగు పిడికిట్లో బిగించి మా ఆయన మొహంలోకే చూశాను. ఏం జవాబు చెప్పాలో, దానికి ఆయన ఏమంటే మళ్ళీ నేనేమనాలో, అన్నీ నాలుక చివర సిద్ధంగా పెట్టుకున్నాను. ఆయన ఒకసారి నన్ను చూశాడు, ఒకసారి పెద్దాయన్ని చూశాడు, మెడ వెనక గోక్కుని నవ్వేశాడు. "అవునండీ, అంతా ఆవిడే చేసింది. నాకు గోడకి మేకు కొట్టడం కూడా చేతకాదు" అన్నాడు. అందరూ నవ్వారు, అందరికంటే గట్టిగా ఆయనే నవ్వాడు. ఒకాయన భుజం తట్టాడు, "అదృష్టవంతులండీ మీరు" అన్నాడు, ఈయన "మరే" అన్నాడు. పెద్దాయన నావైపు తిరిగి రెండు చేతులూ జోడించి, "అయితే బోర్డు మీద మీ పేరే రాయిస్తానమ్మా" అన్నాడు.

ఇంతేనా? ఇంత తేలికా ఈ మాట? ఆయన మాట తడబడలేదు, మొహం చిన్నబోలేదు, టైమెంతయిందని అడిగితే చెప్పినట్టు చెప్పేశాడు. ఇన్ని నెలలు, ఆ వెల్డింగ్ షాపు దగ్గర, వాళ్ళక్క ముందు, ప్రతి ఆదివారం ఆ హెడ్‌ఫోన్లలో, ఏ రోజైనా అనగలిగి ఉండేవాడన్నమాట. అనడం కష్టమై మానేశాడనుకున్నాను ఇన్నాళ్ళూ. కష్టమే లేదు. అనాలని తోచలేదు, అంతే. కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి, ఆపుకుందామన్నా ఆగలేదు. పెద్దాయన చూసి, మెత్తగా, "ఆనందమమ్మా, ఉంటుంది" అన్నాడు.

"ఆనందం కాదండీ" అన్నాను. "ఒళ్ళు మంట."